బండికీ ఉంది మేకప్పు!

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో, ఫోన్లలో సగానికి సగం ఒకటే ప్రశ్న. "క్యారవాన్ లోపల ఏముంటుంది సార్?" అని. ఏముంటుంది నాయనా! బల్బులు పెట్టిన అద్దం, ఒక సోఫా, ఏసీ, టీవీ, అగ్గిపెట్టెంత బాత్‌రూము. అంతే. చెప్పేశాను. నిజానికి నేను లోపలికి అడుగుపెట్టింది మహా అయితే నాలుగుసార్లు. అదీ ఇంటర్వ్యూ పుణ్యమా అని తలా పది నిమిషాలు. బయట మాత్రం గంటల తరబడి నిలబడ్డాను. ఏ పత్రికకీ జీతగాడు కాని నాబోటి రచయిత బతుకంటే సగం క్యారవాన్ బయటి బతుకే! కాబట్టి ఈ వారం నాకు బాగా తెలిసిన వైపు గురించి, అంటే బండి బయటి వైపు గురించి రాస్తాను. నవ్వకండి. కథలో కథానాయిక ఉంది, దెబ్బలు తగలడం ఉంది, ఒక మనిషి పశ్చాత్తాపం కూడా ఉంది.

విశాఖపట్నంలో భీమిలి రోడ్డు మీద షూటింగు. సూర్యోదయం షాటు. తెల్లవారుజామున అయిదున్నరకి నేను వెళ్ళేసరికి యూనిట్‌లో ఇంకా టీ కూడా కాయలేదు. రోడ్డుకి ఎడంగా, సరుగుడు చెట్ల పక్కన తెల్లటి క్యారవాన్ ఆగి ఉంది. దాని కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఏ ప్రొడక్షను కుర్రాడో నిద్రపోతున్నాడనుకున్నాను. ఇంతలో కింద నుంచి టార్చిలైటు వెలిగింది, "ఖణ్, ఖణ్" అని సుత్తి చప్పుడు వినిపించింది. ఆ కాళ్ళు డ్రైవరు బాబాయివి. యాభై దాటిన మనిషి. పుట్టింది గాజువాక పక్కన పల్లె, తిరిగింది హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు అన్నీ. పేరు వెయ్యొద్దన్నాడు కాబట్టి మనకి బాబాయే.

పక్కనే క్లీనరు కుర్రాడు నీళ్ళ గొట్టం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బాబాయి బయటికి వచ్చి, గొట్టంలోంచి దోసిట్లో కాసిని నీళ్ళు పట్టి నాలుక మీద వేసుకున్నాడు. వెంటనే తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏంటి బాబాయ్, బండి కడిగే నీళ్ళు కూడా రుచి చూస్తున్నావు?" అన్నాను.

"సూడొద్దేటి బాబూ? సముద్రం పక్కన బోరు. కొన్ని బాగుంటాయి, కొన్ని ఉప్పగుంటాయి. దీంతో కడిగితే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే. ఒరే, ఆపేయ్! ట్యాంకరు వచ్చినాక సూద్దాం."

ఆ ఒక్క మాటకే నా కలం జేబులోంచి బయటికి వచ్చింది.

అన్నట్టు, ఈ బాబాయి చేసే ఉద్యోగం మన సినిమాలకి పాతదేం కాదు. 1978లో వచ్చిన బాలచందర్ గారి 'మరోచరిత్ర' ఈ విశాఖ, భీమిలి తీరంలోనే తీశారు. కమల్‌హాసన్, సరిత తిరిగిన ఆ ఒడ్డును మీ అమ్మా నాన్నలు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ రోజుల్లో క్యారవాన్ మాటే లేదు. అవుట్‌డోర్ అంటే ఏ గెస్ట్‌హౌసు గదో, కారు వెనక సీటో, కాకపోతే నలుగురు ఆడవాళ్ళు చీరలు అడ్డంపెట్టి నిలబడితే ఆ చాటున బట్టలు మార్చుకోవడమో. బొంబాయిలో 1990 దశకం మొదట్లో నటి పూనమ్ ధిల్లాన్ వానిటీ వ్యాన్లను వ్యాపారంగా నడిపాకే ఈ అలవాటు దేశమంతా పాకింది.

తెలుగువాడికి బండినే ఇల్లు చేసుకోవడం అంతకుముందే చూపించినవారు ఒకరున్నారు. ఎవరో మీకు తెలుసు. 1982లో పార్టీ పెట్టి ఊరూరా తిరిగిన ఎన్.టి.రామారావు గారి చైతన్యరథం! పాత షెవర్లె వ్యానుని మార్పించి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే, అందులోనే పడక, పైకెక్కి ప్రసంగం, రోడ్డు పక్కనే స్నానం. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేదాకా ఆ బండి తిరిగిన తిరుగుడు ఇంతా అంతా కాదు. మట్టిరోడ్లు, ఎండ, వాన, పూలదండలు, హారతులు అన్నీ భరించింది. ఆ బండి ఫోటో చూసినప్పుడల్లా అందరూ పైన నిలబడ్డ మనిషిని చూస్తారు. బాబాయి మాత్రం చక్రాల పైన మడ్‌గార్డులు చూస్తాడట. "రోజూ ఎవడు కడిగీవోడో బాబూ!" అంటాడు.

సరే, అసలు సంగతి. విశాఖలో బండికి శత్రువు ఎవరు? ఉప్పుగాలి. ఈ ఊరివాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. వంటింట్లో ఉప్పు డబ్బా చూడండి. వర్షాకాలం వస్తే ముద్దకట్టి, నీరుకారి కూర్చుంటుంది. అమ్మ నాలుగు బియ్యపు గింజలు వేస్తుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీళ్ళు లాక్కుని కరిగిపోతుంది. విశాఖలో అంత తేమ ఎన్ని రాత్రులుంటుందో లెక్కపెట్టక్కర్లేదు. బండికి పట్టిన ఉప్పుపొర కూడా అదే పని చేస్తుంది. వాన పడకపోయినా, అలల తుంపర్లు తగలకపోయినా, రాత్రంతా ఇనుముని తడిగా ఉంచుతుంది. మీరు పొడిగా ఉందనుకుంటారు. అది లోపల లోపల తింటూ ఉంటుంది.

ఉక్కు కోసం 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని కదం తొక్కిన ఊరు ఇది. 1971లో పునాదిరాయి, 1992లో ఫ్యాక్టరీ జాతికి అంకితం. ఆ ఊళ్ళోనే ఇనుముని తినేసే గాలి! ఇక్కడో చిన్న సరదా సంగతి. మన ఉక్కు ఫ్యాక్టరీ పేరు పొందింది కడ్డీలకి, తీగచుట్టలకి, యాంగిళ్ళకి, చానళ్ళకి. బండి ఒంటికి వేసే పల్చటి రేకు అక్కడ తయారయ్యే సరుకు కాదు. "మన ఉక్కు ఎముక బాబూ, చర్మం కాదు" అని బాబాయి నవ్వాడు. క్యారవాన్‌కి కూడా అంతే. లోపల ఇనుప గొట్టాల చట్రం ఎముక. పైన జింకు పూసిన రేకో, అల్యూమినియమో, ఫైబరో చర్మం. చర్మం తెల్లగా మెరుస్తుండగానే ఎముక పుచ్చిపోవచ్చు. అదే ఈ కథలో ముఖ్యమైన ముక్క.

ఉప్పు తర్వాత దుమ్ము. హార్బరు వైపు నిలిపితే ఒక రకం, గాజువాక ఆటోనగర్లో నిలిపితే మరో రకం. బైలదిల్లా నుంచి రైళ్ళలో వచ్చే ఇనుప ఖనిజం, ఓడల్లో దిగే బొగ్గు, వీటి ధూళి సంగతి పాతపట్నంలో తెల్లబట్టలు ఆరేసుకునే ఇల్లాలిని అడగండి. రాత్రి మంచుకి ఆ ధూళి పైకప్పు మీద లేహ్యంలా పడుతుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిచారా, గాజుకాగితంతో రుద్దినట్టే. ఆటోనగర్లో ఇంకో ప్రమాదం ఉంది. పక్క షెడ్డులో గ్రైండింగు చేస్తుంటే ఎగిరే ఇనుప రవ్వలు తెల్లరంగు మీద అతుక్కుంటాయి. రెండు రోజులకి నారింజరంగు చుక్కలు తేలతాయి. అమ్మవారు పోసినట్టు! బండే తుప్పుపట్టిందని యజమాని లబోదిబోమంటాడు. నిజానికి తుప్పు ఆ రవ్వలది. కాని అలాగే ఒదిలేస్తే రంగు కిందికి దిగుతుంది.

ఇంతలో ట్యాంకరు వచ్చింది. బాబాయి మళ్ళీ రుచి చూశాడు. ఈసారి గుటక కూడా వేశాడు!

కడిగే వరస చూశాను. ముందు ఒట్టి నీళ్ళు. పైనుంచి కిందికి, తొందరలేని ధార. ఎక్కడా చెయ్యి పెట్టలేదు. దుమ్మంతా జారిపోయాక అప్పుడు షాంపూ నీళ్ళు, మెత్తటి గుడ్డ. రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోది గుడ్డ జాడించడానికి. బట్టల సోడాపొడి, గిన్నెల సబ్బు దగ్గరికి రానివ్వడు. అవి మురికితోపాటు మైనపు పూతని కూడా ఊడ్చుకుపోతాయి. ఎండ బండి మీద పడేలోగా పని అయిపోవాలి, లేదా నీడలో చెయ్యాలి. వేడి రేకు మీద నీళ్ళు ఆరిపోతే మచ్చలు మిగులుతాయి. చివరికి పొడిగుడ్డతో అద్దడం. రుద్దడం కాదు, అద్దడం. మన మేకప్‌మ్యాన్లు హీరోయిన్ గారి చెంప మీద చెమటని అద్దుతారే, అచ్చు అలాగే!

సర్వీసింగు షెడ్డులో పెద్ద ప్రెషరు గొట్టంతో కొట్టేస్తే అయిపోతుంది కదా అని అడిగాను. ఆ ధార బండి అడుగున చక్రాల బురదకి పరవాలేదట, అదీ తగుమాత్రంగా. కిటికీ రబ్బర్ల మీద, ఏసీ జాలీల మీద, సీలెంటు అతుకుల మీద దగ్గరగా కొడితే నీళ్ళు లోపలికి దూరతాయి. ప్లాస్టిక్ కిటికీలుంటే పెట్రోలు, థిన్నరు కూడా పనికిరావు. పొగబారిపోతాయి.

పైకప్పు గురించి చెప్పకపోతే ఈ కాలమ్ దండగ. క్యారవాన్ నెత్తిమీద ఏసీలు, గాలిజాలీలు, వైర్ల కంతలు చాలా ఉంటాయి. ప్రతి కంత చుట్టూ సీలెంటు. విశాఖ ఎండకి అది ఎండి బీటలు వారుతుంది. తమాషా ఏమిటంటే నీళ్ళు దూరిన చోటే కారవు. ఏసీ దగ్గర దూరిన చుక్క చట్రం మీదుగా నడిచి, నాలుగడుగుల అవతల అద్దం పక్కన కారుతుంది. అనుభవం లేనివాడు అద్దం దగ్గర మళ్ళీ మళ్ళీ అతుకు వేస్తూ ఉంటాడు. కనిపెట్టే ఉపాయం ఒకటుంది. ఒకడు లోపల కూర్చోవాలి, ఇంకొకడు పైకెక్కి సన్నటి ధార ఒక్కో అతుకు మీద కాసేపు పట్టాలి. కిందనుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి దొంగ దొరకడు. దొరికాక పాత సీలెంటు మీద కొత్తది పూయడం కాదు. గీకి తీసి, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు వెయ్యాలి. ఈ పని సెప్టెంబరులోపే అయిపోవాలంటాడు బాబాయి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్ళెవరికీ ఈ మాట రెండోసారి చెప్పనక్కర్లేదు.

స్క్రూల సంగతి కూడా. అల్యూమినియం రేకుకి ఇనుప స్క్రూ బిగించి ఉప్పునీళ్ళు తగలనిస్తే రెండూ కలిసి చిన్న బ్యాటరీలా తయారవుతాయి. అల్యూమినియమే నష్టపోతుంది. స్క్రూ చుట్టూ ముగ్గుపిండిలాంటి తెల్లపొడి కనిపిస్తే అదే. తలుపుల అడుగున చిన్న కన్నాలుంటాయి, లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి. అవి ఇసకతో మూసుకుపోతే తలుపు లోపలి నుంచే కుళ్ళుతుంది. బాబాయి దగ్గర దానికో చీపురుపుల్ల. ఖర్చు సున్న!

ఇక అభిమాన సోదరులకి ఒక ఫిర్యాదు. మీరే! దుమ్ముపట్టిన క్యారవాన్ మీద వేలితో హీరోగారి పేరు, దానికింద బాణం దూసుకుపోయిన గుండె బొమ్మ గీస్తారే. దుమ్ము చెరిగిపోతుంది, గీత మిగులుతుంది. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడినప్పుడు బాబాయి నాకు బండి కుడివైపు చూపించాడు. ముగ్గురు హీరోలు, ఇద్దరు హీరోయిన్లు, ఒక ఫోన్ నంబరు అక్కడ శాశ్వతంగా కొలువున్నారు. ఇవి కాక పూజ. షూటింగు మొదలుపెట్టినరోజు బండికి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, గుమ్మడికాయ. భక్తి మంచిదే. పసుపు తెల్లరంగుకి పట్టేస్తుంది, కొబ్బరినీళ్ళు బంపరు సందులోకి పోయి పులుస్తాయి. "దేవుడికి దండం పెట్టి అరగంటాగి కడిగేస్తాను బాబూ. ఆయనేటీ అనుకోడు." కాకిరెట్ట అయితే అరగంట కూడా ఆగడు. తడిగుడ్డ వేసి నానబెట్టి తీసేస్తాడు. గోటితో గీకడు.

టైర్లు కూడా చూడండి. షూటింగు బండి నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. పళ్ళు అరక్కముందే టైరు ముసలిదైపోతుంది. పక్కగోడ మీద నాలుగంకెలు ఒకచోట ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1821 అని ఉంటే 2021లో పద్దెనిమిదో వారం తయారైంది. మీ బైకు టైరు మీద కూడా ఉంటుంది, ఈ పత్రిక పక్కన పెట్టి వెళ్ళి చూసుకోండి. పక్కగోడకి సన్నటి బీటలుంటే పళ్ళు ఎంత బాగున్నా నమ్మొద్దు.

ఇంతదాకా నేను అడిగినవన్నీ హుషారుగా చెప్పిన బాబాయి, ఒక్క ప్రశ్నకి మాత్రం నోరు కట్టేసుకున్నాడు. "అందరూ పైన తళతళలాడిస్తే చాలనుకుంటారు. నువ్వేంటి బాబాయ్, చీకట్లో కిందికి దూరి సుత్తితో కొడుతున్నావు?"

టీ తాగాడు. గ్లాసు కడిగి పెట్టాడు. అప్పుడు చెప్పాడు.

కొన్నేళ్ళ కిందట ఇలాగే ఒక సముద్రం లొకేషను. వేరే బండి, వేరే యజమాని. నెల రోజులు ఒడ్డునే మకాం. రోజూ పైన కడిగారు, కింద ఎవడూ చూడలేదు. తలుపు దగ్గర మడతపెట్టే ఇనుప మెట్టు మీద తుప్పు పొక్కులు లేచాయి. మర్నాడు హీరోయిన్ గారి మీద పబ్లిసిటీ ఫోటోలు, బండి పక్కనే. మేనేజరు "నల్లరంగు కొట్టెయ్యవయ్యా" అన్నాడు. కొట్టేశారు. గీకలేదు, ప్రైమరు లేదు. తుప్పు మీదే రంగు. మెట్టు కొత్తపెళ్ళికొడుకులా మెరిసింది. హీరోయిన్ గారు దిగారు, ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. సాయంత్రం హెయిర్‌డ్రెస్సరు, రెండు చేతులా సామాను పెట్టె పట్టుకుని ఎక్కుతుంటే, మెట్టు అతుకు దగ్గర పుటుక్కున విరిగింది. చీలమండ ఎముక చిట్లింది.

రోజుకూలి మనిషి. పనిచేసిన రోజుకే డబ్బు. నెలన్నర ఇంట్లో కూర్చుంది. యూనిట్‌వాళ్ళు అది బండి యజమాని బాధ్యతన్నారు. యజమాని డ్రైవరు చూసుకోవాలి కదా అన్నాడు. కట్టుకి, మందులకి చివరికి ఎవరు ఎంతిచ్చారో బాబాయి చెప్పలేదు గాని, ఆ నెల తన బత్తా ఇంటికి పంపలేదని మాత్రం మాటల్లో దొర్లింది.

"రంగేసింది ఎవరు బాబాయ్?" అన్నాను.

"నానే బాబూ."

అప్పటినుంచీ ఆయన పద్ధతి ఇది. సముద్రం పక్క షూటింగు ఉన్నన్నాళ్ళూ రాత్రి ప్యాకప్ అయ్యాక బండిని ఒడ్డు నుంచి లోపలికి తీసుకుపోతాడు. ఎంత నిద్రవస్తున్నా మంచినీళ్ళతో అడుగుభాగం కడిగాకే పడక. చాసిస్, స్ప్రింగు పట్టీలు, మడ్‌గార్డు లోపలి అంచులు, మెట్టు. పొద్దున్నే సుత్తి. గట్టి ఇనుము ఖణ్ అంటుంది, పుచ్చింది బొద్దుగా మూలుగుతుంది. మూలిగిన చోట రంగు గీకి, ఇనుము తెల్లగా కనిపించేదాకా రుద్ది, జింకు ప్రైమరు వేసి, ఆరాకే పైరంగు. పాత లారీవాళ్ళు కింద కాలిన ఇంజనాయిలు కొడతారు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. ఇసక అంటుకుంటుంది, రబ్బరు బుష్షులు ఉబ్బుతాయి, నేలంతా పాడవుతుంది. రబ్బరు కోటింగు మంచిదే, కాని కింద ఉప్పు, తుప్పు ఉంచేసి పైన పూస్తే అది మళ్ళీ ఆ నల్లరంగు మెట్టే.

నిజానికి దీనికి సాక్ష్యం బీచిరోడ్డులోనే పడుకుని ఉంది. మీరంతా దాని ముందు సెల్ఫీలు దిగే ఉంటారు. ఐఎన్ఎస్ కుర్సురా! 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002లో ఆర్.కె. బీచి ఒడ్డున మ్యూజియం అయింది. తొంభై మీటర్ల పైచిలుకు జలాంతర్గామి. సముద్రం లోపల ముప్ఫై ఒక్క సంవత్సరాలు బతికిన ఉక్కుకి సముద్రం పక్కన ఖాళీగా ఉండటమూ తేలిక కాదు. దానికీ తుప్పు గీకాలి, రంగు వెయ్యాలి. మన స్కూటర్లు, బైకులు ఏపాటి? బీచిలో సాయంత్రం షికారు కొట్టి వచ్చాక ట్యాంకు తుడుస్తాం, అద్దం తుడుస్తాం. చైను, స్టాండు, సైలెన్సరు అడుగు ఎవరైనా కడుగుతారా? నా పాత స్కూటరు ఫుట్‌బోర్డు లోంచి రోడ్డు కనిపించేదాకా నేను కడగలేదు. లాసన్స్ బే కాలనీలో మూడేళ్ళు అద్దెకున్న ఫలితం. మెకానిక్కు దాన్ని చూసి, "కింద నుంచి గాలి బాగా వస్తుందా గురూగారూ?" అని అడిగాడు.

ఆరున్నరకి అసిస్టెంట్ డైరెక్టర్లు కేకలు మొదలుపెట్టారు. కథానాయిక కారు వచ్చింది. ఆమె నవ్వుతూ బాబాయికి నమస్కారం పెట్టి గబగబా మెట్టెక్కి లోపలికి వెళ్ళిపోయారు. వెనకే ఒకామె, సామాను పెట్టెతో, ఎడమకాలు కాస్త చూసుకుని వేస్తూ వచ్చింది. మెట్టు దగ్గర ఆగింది. పెట్టె కింద పెట్టి, కాలితో మెట్టుని రెండుసార్లు గట్టిగా తొక్కి చూసింది.

"సూసీసేనమ్మా, పొద్దున్నే" అన్నాడు బాబాయి, బకెట్టులోంచి తలెత్తకుండా.

"నువ్వు చూశావని తెలుసులే అన్నయ్యా" అంది ఆమె. అని ఇంకోసారి తొక్కి, అప్పుడు ఎక్కింది.